దొన్నెలో తెల్లజొన్న

జొన్నాకు చెయ్యి కోస్తుందంటే మా మనవరాలు నవ్వుతుంది. ఆకేంటి, కొయ్యడమేంటి, అదేమన్నా బ్లేడా అంటుంది. దానికి జొన్న అంటే కొట్లో కవరులో అమ్మే పిండి. పైరు చూడలేదు. చూపిద్దామంటే నా దగ్గర చేనూ లేదు. నోటితో చెప్పబోతే సగంలో లేచి వెళ్ళిపోతుంది. సరే, పోనీ. ఓపికున్నవాళ్ళు చదువుకుంటారని ఇక్కడ రాసి పెడుతున్నాను.

మేం కోయవాళ్ళం. మా నాన్నవాళ్ళ పల్లె చాట్రాయి దాటి ఇంకా పైకి, కొండవాలు మీద అడవిలో ఉండేది. పోడు చేసుకుని తిన్నారు. తర్వాత అడవిలో గొడ్డలి పెట్టొద్దన్నారు. పోడు పోయింది. ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళం మూటలు నెత్తిన పెట్టుకుని కిందికి దిగి మామిడితోటల్లో పడ్డాం. అప్పటికి నేను లంగా కట్టే పిల్లని. నూజివీడు చుట్టుపక్కల తోటలకు కాపలా మనుషులు ఎప్పుడూ కావాలి. చాట్రాయి వైపు ఒక పెద్ద తోట గట్టున వరసగా గుడిసెలు వేసుకున్నాం. మాలో మేం కోయభాషే మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడ తెలుగులో చెబుతున్నానంటే, ఇన్నేళ్ళకు నా కలలు కూడా తెలుగులోనే వస్తున్నాయి కాబట్టి.

మా నాన్న కొండమీద పల్లెకు పూజారి. పూజారి అంటే గుళ్ళో గంట కొట్టే పని అనుకునేరు. తొలకరికి ముందు విత్తనాల పండగ చేయించడం ఆయన పని. ప్రతి ఇంటివాళ్ళూ గుప్పెడు విత్తనం తెచ్చి, మోదుగాకులతో కుట్టిన పెద్ద దొన్నెలో పోస్తారు. ఆయన అన్నీ కలిపి, భూమికి మొక్కి, మళ్ళీ ఇంటింటికీ గుప్పెడు పంచుతాడు. ఆ గుప్పెడు తీసుకెళ్ళి ఇంట్లో ఉన్న విత్తనంలో కలుపుకుని చల్లుకోవాలి. ఎవరి గింజ ఎవరి చేలో మొలిచిందో ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా. పండగకు ఒట్టి చేతులతో ఎవరూ రాకూడదు. తెచ్చిన గుప్పెడు ఏదైనా కాదనకూడదు. ఈ రెండు మాటలూ కాస్త గుర్తుపెట్టుకోండి.

కిందికి దిగాక చేను లేదు కాబట్టి పండగ కూడా లేదు. మా నాన్న చేతిలో దొన్నె పోయి వడిసెల వచ్చింది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా షావుకారి బంగినపల్లి కాయల మీద వాలే చిలకల్ని రాళ్ళతో తోలేవాడు. సాయంత్రం గుడిసె వెనక, చాప పరిచినంత జాగాలో, తను కొండ మీంచి తెచ్చుకున్న జొన్న నాలుగు మొక్కలు పెంచుకునేవాడు. కొండజొన్న అనేవాళ్ళం దాన్ని. మనిషికంటే ఎత్తు పెరిగి, కంకి పక్కకు వంగి, నల్లని పొట్టులోంచి ఎర్రని గింజ తొంగిచూసేది. అది పండేవేళకు మా అమ్మ పాత చీర చింపి కంకులకు గుడ్డలు కట్టేవాడు. ఊరందరి చెట్లకూ కాపలా కాసే మనిషి తన నాలుగు కంకులకు చీరలు కట్టుకుంటున్నాడని తోటలో వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

ఆ కంకులు తినడానికి కాదు. పొయ్యి మీద పొగలో వేలాడదీసి, మళ్ళీ తొలకరికి దించి నాటేవాడు. గింజ చావకుండా ఏటేటా అదే పని. కొత్త పంట వస్తే ఊరంతా కలిసి కొత్తలు పెట్టుకోవాలి, అప్పటిదాకా ఎవరూ నోట పెట్టకూడదు, మాలో అదొక కట్టు. ఊరంతటికీ పంట లేదు కాబట్టి కొత్తలు లేవు. కొత్తలు లేవు కాబట్టి కిందికి దిగిన దగ్గర్నుంచి మా నాన్న జొన్నసంకటి నోట పెట్టలేదు. రేషను బియ్యం అన్నం ముందు పెట్టుకుని సంకటి గురించి చెప్పేవాడు. వేడిగా ఉన్నప్పుడు ఎలా ఆవిరి వాసన వస్తుందో, మర్నాడు చల్లారి బిగుసుకున్నాక ఎలా ఉంటుందో. చెప్పీ చెప్పీ కంచం చల్లారిపోయేది. నాకు ఏడుపు వచ్చేది, దాన్ని కోపంగా మార్చుకుని గిన్నెలు తోమేదాన్ని.

ఒకరోజు పక్క గుడిసె కుర్రాడొకడు అగ్గికి మా ఇంటికి వచ్చాడు. వాడికి సినిమా పిచ్చి. నూజివీడు హాల్లో ఏ బొమ్మ మారినా వాడికి ముందు తెలిసేది. పొయ్యి మీద కంకులు చూసి, "ఈ గడ్డేంటి మామా, ఇంట్లో కట్టుకున్నావు?" అన్నాడు. తప్పుగా అనలేదు, నిజంగానే తెలియక అడిగాడు.  మా నాన్న కంచం పక్కకు నెట్టి లేచి తోటలోకి వెళ్ళిపోయాడు.

కోయవాడి కొడుకు కొండజొన్నను గడ్డి అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి తిట్టి లాభం లేదు, వాడు పుట్టి బుద్ధెరిగింది మామిడాకు నీడలోనే. మా గుడిసెల్లో పిల్లలందరూ అంతే. చిక్కంతో కాయ సొన కారకుండా దింపమంటే దింపుతారు, గడ్డి పరిచి బుట్ట కట్టమంటే కడతారు. ఏ గింజ ఏ కార్తెలో వేయాలంటే తెల్లముఖం వేస్తారు. అప్పుడు నాకు ఇరవై దాటి ఉంటాయేమో. ఎనభైల మొదట్లో మాట. చాట్రాయి బళ్ళో ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి పిల్లలు నన్ను కాస్త లెక్కచేసేవాళ్ళు. లెక్కచేయని వాళ్ళకు నా నోరంటే భయం.

ఆ ఏడే దగ్గర్లో ఒక రైతు ఎర్రనేల వాలంతా దున్నించి కొత్తగా మామిడి అంట్లు నాటించాడు. కొత్త తోటలో మొదటి ఐదారేళ్ళు వరసల మధ్య నేల ఖాళీగానే ఉంటుంది. మొక్కలకు కాపలా ఉండి, వేసవిలో నీళ్ళు మోసేవాళ్ళకు ఆ సందుల్లో పంట వేసుకోనివ్వడం మా వైపు మామూలే. నేను వెళ్ళి అడిగాను. వేరుశనగ వేసుకోండి, జొన్నయితే ఎత్తు పెరిగి నా మొక్కల్ని మింగేస్తుంది అన్నాడాయన. మొక్క చుట్టూ బారెడు జాగా వదిలేస్తామండీ, గాలికి జొన్నే అడ్డం నిలబడుతుంది, ఒక్క మొక్క వాడినా మమ్మల్ని గెంటేయండి అన్నాను. ఆయన నన్నూ, నా వెనకాల బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ నా సైన్యాన్నీ చూసి నవ్వాడు. సరే కానివ్వండమ్మా, నీళ్ళు మాత్రం తప్పకూడదు అన్నాడు.

సైన్యం అంటే పది పన్నెండు మంది, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిపి. పొద్దున్నే తోటపనికి వెళ్ళేముందు చేలో వంగమనేసరికి ఒక్కొక్కరికీ ఒక్కో నొప్పి. మా నాన్న ఎవరికీ పని చెప్పేవాడు కాదు. తను చేసుకుంటూ పోయేవాడు, చూసినవాళ్ళు చూసేవాళ్ళు. చెప్పడం, తిట్టడం, బతిమాలడం నా వంతు. జొన్నలో కంది, అనుము, దోస కలిపి చల్లుతుంటే సినిమావాడు ఇదేంటక్కా, భేల్‌పూరీ చేస్తున్నావా అన్నాడు. వరసలో ఒకే పైరు ఉండటం తప్ప వాళ్ళు ఇంకోటి చూడలేదు. జొన్న ఎత్తెక్కి కంది దాని కాళ్ళ దగ్గర గుబురుకుని, దోసతీగ నేలంతా పాకి కలుపుని నొక్కేసరికి వాడే అందరికంటే ముందు చేలోకి రావడం మొదలుపెట్టాడు. వడిసెల మా నాన్న దగ్గర నేర్చుకున్నాడు. చిలకల్ని తోలుతూ సినిమా పాటలు ఎత్తుకునేవాడు, గొంతుకు దడిసే సగం చిలకలు పారిపోయేవనుకుంటాను.

మొదటి ఏడు వచ్చింది కాస్తే. పిల్లలు కొత్తలు పెట్టుకుందాం అని గొడవ. మా నాన్న కంకులన్నీ ముందు పోసుకుని కూర్చుని, ఇంటికో కట్ట కట్టి పంచాడు. ఈ ఏడు ఇంటింటా విత్తనం, వచ్చే ఏడు పండగ, ఆపైన కొత్తలు అన్నాడు. ఇంత చాకిరీ చేసి ఒక్క ముద్దయినా లేదా అని పిల్లల ముఖాలు వేలాడిపోయాయి. అందరికంటే ఎక్కువ ఆకలి ఎవరిదో నాకు తెలుసు. ఆ కట్టలు కడుతూ ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు ఆయన.

రెండో ఏడు తొలకరి ముందు విత్తనాల పండగ పెట్టాడు. కిందికి దిగాక అదే మొదటిది. పొద్దున్నే తలంటుకుని, తెల్లపంచె కట్టి, మోదుగాకులు తనే కోసుకొచ్చి దొన్నె కుట్టాడు. చేలో, మామిడి మొక్కల మధ్య నేల అలికి ముగ్గు పెట్టాం. దొన్నె రెండు చేతుల్లోకి తీసుకుని రొమ్ముకు ఆనించి పట్టుకున్నాడు. ఇంటికొకరు వరసగా వచ్చి గుప్పెడు పోస్తున్నారు. దొన్నె అడుగున ఎర్రగా గింజ పేరుకుంటోంది. 

అప్పుడు మా మరదలు వచ్చింది. మా పెదనాన్న కొడుకు, నాకు తమ్ముడి వరస, వాడి పెళ్ళాం. ఆ శీతాకాలంలోనే పై ఊళ్ళోంచి కాపురానికి వచ్చిన పిల్ల. గుప్పిట దొన్నె మీద పెట్టి విప్పింది. ఎర్ర జొన్నల మీద తెల్ల జొన్నలు పడ్డాయి. సంకర జొన్న. పొట్టిగా పెరిగి తొందరగా ఈనే రకం, చుట్టుపక్కల రైతులు అప్పుడప్పుడే వేస్తున్నారు. నాకు అక్కడికక్కడే నెత్తికెక్కింది. ఏం పిల్లా, మా కళ్ళు కప్పుదామనుకున్నావా, ఇంత మందిమి ఇంత కష్టపడింది ఇందుకా అని అందరి ముందూ కడిగేశాను. ఆ పిల్ల తల దించుకుని నిలబడింది. చెయ్యి మాత్రం ఇంకా దొన్నె మీదే ఉంది.

మా నాన్న నా వైపు చూడను కూడా లేదు.

"చెయ్యి చాచింది. వెయ్యనీ," అన్నాడు.

ఆ తెల్లవాటిని ఎర్రవాటిలో తన చేత్తోనే కలిపాడు. భూమికి మొక్కి, అందరికీ పంచాడు. ఇంటికి రాగానే నా గుప్పెడు చాటలో పోసుకుని తెల్లవి ఏరడానికి కూర్చున్నాను. ఆయన వచ్చి చాట నా ఒళ్ళోంచి తీసేసుకున్నాడు. దొన్నెలో పడ్డాక అది భూమిది, ఏరడానికి నువ్వెవరివే అన్నాడు. ఆయన నన్ను 'ఎవరివే' అన్నాడంటే ఇంక మాట్లాడ్డానికి లేదు. ఇంటింటా అలాగే చల్లాం, తెల్లదీ ఎర్రదీ కలిపి.

మరదలు మర్నాడు నేను నీళ్ళు మోస్తుంటే వెంట వచ్చింది. అడగకుండానే చెప్పింది. నా తమ్ముడికి కామెర్లు వచ్చి పనికి పోలేక పడుకున్న రోజుల్లో ఇంట్లో గింజ లేదట. పొగలో వేలాడే విత్తనపు కట్ట దించి దంచి జావ కాచిందట. కూలికి వెళ్ళిన చేలో విత్తగా మిగిలిన జొన్నలు ఆ రైతును అడిగి తెచ్చుకుందట.

"ఆ జావ తాగే మీ తమ్ముడు లేచి కూర్చున్నాడు వదినా. ఒట్టి చేతులతో పండగకి ఎలా రాను?"

ఆ పిల్ల మీద జాలేసింది. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చని నాకు ఆరోజే తెలిసింది.

వానలు బాగా పడ్డాయి. పైరు కంటికి నిండుగా లేచింది. శ్రావణంలో ఒక పొద్దున సినిమావాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, చేలో పొట్టివాళ్ళు దిగారు," అన్నాడు. వెళ్ళి చూస్తే నిజమే. మా జొన్న ఇంకా ఆకు మీదే ఉంది. దాని మధ్య మధ్య, అందరి సందుల్లోనూ, నడుమెత్తు మొక్కలు అప్పుడే కంకి పైకి తోస్తున్నాయి. రెండు జొన్నలు పక్కపక్కన ఈనితే గింజ పాడవుతుందని మా తాత చెప్పేవాడట. పుప్పొడి కలిస్తే వచ్చే ఏడు మొలిచేది కొండజొన్నా కాదు, సంకర జొన్నా కాదు, ఏదో ఒకటి. తర్వాత మళ్ళీ తెచ్చుకోవడానికి కొండమీద కూడా ఎవరి దగ్గరా లేదు. మా దగ్గరున్నదే ఉన్నదంతా.

పీకేద్దాం అన్నాను. పిల్లలు సిద్ధం. మా నాన్న గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. దొన్నెలోంచి ఇచ్చింది ఎవరూ పీకకూడదు అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. పిల్లల్లో చీలిక వచ్చింది. గింజే పోయాక పండగ ఎందుకు అని కొందరు. పండగే తప్పాక గింజ ఎందుకు, బజార్లో దొరకదా అని కొందరు. అందరూ నా ముఖం చూస్తారు. మా నాన్న మీద నాకు ఎప్పుడూ రానంత కోపం వచ్చింది. తను ఇన్నేళ్ళు చీరగుడ్డలు కట్టి కాపాడిన గింజ కళ్ళ ముందు పోతుంటే చేతులు కట్టుకుని నిలబడతాడేంటి ఈ మనిషి? అన్నం తినడం మానేశాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ పొట్టి కంకుల ముందు కూర్చునేవాడు. తెంపుతామంటే తెంపనివ్వడు, ఇంటికి రమ్మంటే రాడు. ఆ కట్టు తప్పితే తను ఎవరూ కాడు, గింజ పోతే తనకు ఏమీ మిగలదు. ఆ సంగతి అర్థమవుతూనే ఉంది, అందుకే ఇంకా కోపం.

అలా కూర్చున్న ఒకరోజు మరదలు వెళ్ళి ఆయన ముందు నిలబడింది. నేను పక్క సందులోనే ఉన్నాను.

"చినమామా, ఇచ్చినవాళ్ళు వెనక్కి అడగొచ్చా?"

 కొండమీద ఎప్పుడైనా ఎవరైనా అలా అడిగారేమో అని వెతుక్కుంటున్నాడని నాకనిపించింది. చివరికి, ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా అన్నాడు. ఇచ్చిన చెయ్యే వచ్చి అడిగితే కాదనడానికి నేనెవర్ని అన్నాడు. ఆ పిల్ల కొంగు బిగించి అక్కడే వంగి మొదటి మొక్క పీకింది.

అందరి చేలోవీ ఆ ఒక్క పిల్లే పీకాలి. ఇంకొకరి చెయ్యి తగలకూడదు. మేం ముందు నడుస్తూ చూపించాం, ఇదిగో ఇక్కడ, అదిగో అక్కడ అని. ఎక్కడ ఒక పొట్టిది దాక్కున్నా సినిమావాడి కంట పడాల్సిందే. ఆ పిల్ల దూరి పీకి గట్టు మీద పడేసేది. గుబురు జొన్నలో మసిలితే ఆకు అంచు రంపంలా కోస్తుంది. మొదటిరోజుకే మోచేతుల దాకా ఎర్రటి గీతలు. గుడ్డలు చుట్టుకోమని నా పాత రవికె చింపి ఇచ్చాను, చెమటకు జారిపోయాయి. మా జొన్న పొట్టకొచ్చేలోపు పని అయిపోవాలి. అయిపోయింది. చివరి మొక్క పీకిననాడు అన్నం ముందు కూర్చుని, కారం తగిలి చేతులు భగ్గుమంటే ముద్ద కలపలేకపోయింది. నేను కలిపి నోట్లో పెట్టాను. తింటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఎందుకేడుస్తున్నామని తమ్ముడు అడిగితే కూరలో కారం ఎక్కువైందన్నాం.

ఆ ఏడు కొత్తలు పెట్టుకున్నాం. తోటగట్టున మూడురాళ్ళ పొయ్యి మీద పెద్ద కుండతో సంకటి, దోసకాయ పప్పు, అనుముల కూర. ముందు ముద్ద భూమికి పెట్టి, రెండోది మా నాన్న నోట పెట్టుకున్నాడు. పిల్లలందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు. కళ్ళు మూసుకుని నమిలాడు. నమిలి, మింగి, "ఉప్పు తగ్గింది," అన్నాడు. ఎంత నవ్వామో. తర్వాత తలెత్తకుండా తిన్నాడు. కంచం తుడుచుకుని మళ్ళీ పెట్టమన్నాడు. ఆ నల్లెర్రని సంకటి రుచి ఇప్పుడు ఏ మాటతో చెప్పాలి? మట్టి కుండ వాసన ఉంటుంది, కాస్త వగరు, చివర్లో తీపి. నాకు ఇప్పటికీ ఒక్కోసారి మధ్యాహ్నం పనిలో ఉండగా ఉన్నట్టుండి నోట్లోకి వస్తుంది. వచ్చినట్టే వచ్చి పోతుంది. ఆ రోజు ఇంకేమీ తోచదు.

అలా ఇంకొన్ని పండగలు జరిగాయి. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఏ గింజ ఎప్పుడు వేయాలో నన్ను అడగడం మానేశారు. నాకు పెళ్ళయింది, ఆయన కూడా ఆ చేలోనే చేరాడు. కానీ మామిడి బాగా పెరిగింది. మా కొంప ముంచింది అదే. మేం మోసిన నీళ్ళకే కొమ్మలు సాచుకున్నాయి. ఏటేటా సందులు సన్నబడ్డాయి, నీడ ముదిరింది, జొన్న సన్నగా పాలిపోయి లేచేది. రైతు మమ్మల్ని పొమ్మనలేదు. ఒకరోజు వచ్చి, చెట్ల కింద తిరుగుతూ, ఇంక మీకేం పండదమ్మా అని బాధగానే అన్నాడు. కొత్త తోటల వాళ్ళను అడిగాం. ట్రాక్టరు తిరగాలి, సందుల్లో పంటలు వద్దన్నారు.

అయినా మా నాన్న పండగ మానలేదు. చల్లడానికి నేల లేని ఏడు కూడా దొన్నె కుట్టాడు. అందరూ గుప్పెడు తెచ్చారు, ఆయన కలిపి పంచాడు. ఎక్కడ చల్లాలని ఎవరూ అడగలేదు. మరుసటి ఏడు చెట్లు మొదటిసారి నిండుగా కాసిన వేసవిలో, కాయ దింపుతుండగా, జ్వరం వచ్చి మూడు పూటలు తిరక్కుండా పోయాడు. దహనానికి పోయేటప్పుడు దారంతా మామిడిపండు వాసన. అప్పట్నుంచి నాకు ఆ వాసన పడదు. నూజివీడు పక్కన పెరిగినదానివి మామిడిపండు తినవా అని అందరూ ఆశ్చర్యపోతారు, పోనీలే.

తర్వాత తలో దారి అయ్యాం. సినిమావాడు విజయవాడ పోయి లారీ ఎక్కాడు. మరదలి నాన్నకు పై ఊళ్ళో పట్టా ఉన్న పొలం చెక్క ఒకటి ఉంటే, మొగుడితో అక్కడికి వెళ్ళిపోయింది. మా ఆయనకు ఉంగుటూరు దగ్గర వడ్ల మిల్లులో కాపలా పని దొరికింది. వెళ్ళేటప్పుడు నా వాటా కంకుల కట్ట చీరలో చుట్టుకుని తీసుకెళ్ళాను. అక్కడ చూస్తే కనుచూపు మేరా నీళ్ళు, వరి. కాలవగట్టున నాటితే వేరు కుళ్ళింది. మిల్లు వెనక నాటితే మొలిచింది కానీ, బర్రెలు మేసేశాయి. మిగిలిన కట్ట వేలాడదీద్దామంటే అక్కడ మాది కిరసనాయిలు స్టవ్వు, పొగేదీ? రెండేళ్ళకు దించి చూస్తే పొట్టు తప్ప గింజ లేదు. పురుగు తినేసింది. ఆ పొట్టు చేత్తో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. మిల్లులో బస్తాల కొద్దీ ధాన్యం, నా చేతిలో ఒక్క గింజ లేదు.

తొంభైలు మొదలయ్యాక మరదలి దగ్గర్నుంచి కబురు వచ్చింది. అక్కడ విత్తనాల పండగ, రమ్మంది. ఎగిరి గంతేసి బస్సెక్కాను. చాట్రాయి దాటి కిటికీలోంచి ఎర్రనేల కనబడేసరికి అప్పుడు తట్టింది. ఒట్టి చేతులతో వెళుతున్నాను. నేను. పూజారి కూతుర్ని.

బస్సు మారేచోట దిగి ఒక కొట్లో జొన్నలు అడిగాను. రొట్టెలకా అమ్మా అన్నాడు షావుకారు. విత్తనానికి అన్నాను. ఇవి తినేవమ్మా, మొలుస్తాయో మొలవవో నేను చెప్పలేను అన్నాడు, మంచి మనిషి. ఇవ్వండి అన్నాను. తెల్లటి జొన్నలు. కాగితం పొట్లం కొంగున ముడేసుకుని మిగతా దారంతా దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

పండగ చేలోనే. అక్కడి పూజారి మరదలి అన్న. దొన్నె చేతుల్లో పట్టుకున్న తీరు అచ్చం మా నాన్నదే, ఆ పిల్ల చెప్పి నేర్పించిందేమో. వరసలో నా ముందు వాళ్ళందరివీ ఎర్రగా పడుతున్నాయి. అన్ని ఎర్రజొన్నలు ఒకచోట చూసి ఎన్నేళ్ళయిందో. నా వంతు వచ్చింది. గుప్పిట దొన్నె మీద పెట్టాను. విప్పాలి. వేళ్ళు రాలేదు. పక్కన నిలబడ్డ మరదలు నా గుప్పిటనే చూస్తోంది. ఒకప్పుడు నేను ఆ పిల్లను ఎన్నెన్ని మాటలన్నానో ఆ పిల్లకూ గుర్తే, నాకూ గుర్తే. విప్పాను. ఎర్ర జొన్నల మీద తెల్ల జొన్నలు పడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. పూజారి తన చేత్తో కలిపేశాడు.

మరదలు నా చెవి దగ్గరికి వచ్చింది.

"శ్రావణానికి రావాలి వదినా. నీవి నువ్వే పీకాలి."

నవ్వుతోంది దొంగపిల్ల. నవ్వుతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఆ జనంలో, ఆడా మగా అందరూ చూస్తుండగా, మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవనంత ఏడ్చాను.

శ్రావణంలో వెళ్ళాను. షావుకారు అనుమానపడ్డాడు కానీ, బాగానే మొలిచాయవి. ఆ ఊరి పిల్లలు ముందు నడుస్తూ చూపిస్తుంటే, తలకంటే ఎత్తున లేచిన మా జొన్నలోకి దూరి దూరి పీకాను. ఉంగుటూరు తిరిగి వచ్చాక చాలా రోజులు బట్టలుతికినా, పప్పు కడిగినా చేతులు భగ్గుమనేవి. మా ఆయన వెన్న రాయమనేవాడు. నేను రాయలేదు. ఆ గీతలు మానిపోతాయేమోనని భయంగా ఉండేది.